బుజ్జీ, ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దమ్మా

బుజ్జీ,

నువ్వే కారు తోలుకుంటూ ఫ్రెండ్స్‌ని అరకు తీసుకెళ్తున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింట్లో ఆడపిల్ల ఘాట్ ఎక్కడం ఇదే మొదలు, వీధిలో కనపడినోళ్ళందరికీ చెప్పొచ్చాను, తీరా పడుకుంటే నిద్ర పట్టలేదు. పెట్రోల్ ఎలా మిగల్చాలో మావయ్యని అడగమన్నావంట.

టైర్లలో గాలి పొద్దున్నే బండి కదలకముందు చూడు, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంతుంటే అంత. డిక్కీలో అక్కర్లేని సామాను దింపెయ్. పెందుర్తి, కొత్తవలస దాటాక రోడ్డు ఖాళీగా ఉందని తొక్కేయకు, 60, 70లో టాప్ గేర్‌లో పో. ముందు లారీ స్లో అవుతుంటే నువ్వు అప్పుడే కాలు తీసెయ్, తొక్కడం బ్రేకెయ్యడం మళ్ళీ తొక్కడం, పెట్రోలంతా అక్కడే పోద్ది. ఎస్.కోట దాటి ఎక్కుడు మొదలయ్యాక మాత్రం మైలేజీ లెక్క మర్చిపో, ఇంజన్ గింజుకుంటుంటే గేర్ దించు.

నా భయమంతా దిగేటప్పుడే. టాక్సీ తోలే రోజుల్లో అర లీటర్ మిగిలినా లాభమే అని అనంతగిరి దాటగానే న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేసి దిగేవాణ్ణి. ఓసారి వెనక సీట్లో మీ అమ్మ, ఒళ్ళో నువ్వు, మూడేళ్ళదానివి, సీతాఫలం తిని ఆ జిగట చేతుల్తోనే నిద్రపోయావు. మొదటి మలుపులో బ్రేక్ పట్టింది, రెండోదాంట్లోనూ పట్టింది, మూడోదాంట్లో పెడల్ రాయైపోయింది, రెండు కాళ్ళతో తొక్కినా దిగదే! ఇంజన్ నడుస్తుంటేనే బ్రేక్‌కి వేక్యూమ్ సాయం ఉంటుంది, పెడల్ తేలిగ్గా దిగేది దాంతోనే, ఆపాక రెండు మూడు తొక్కులకి అయిపోద్ది. ఎడమ పక్క లోయ. కుడి పక్కకి కోసేసి కొండమట్టికి రాపాడించి ఆపాను, ఎదురుగా బస్సు రాలేదు కాబట్టి సరిపోయింది. నువ్వు లేవనైనా లేవలేదు తల్లీ. ఆవు అడ్డొచ్చిందని మీ అమ్మకి చెప్పాను, ఈ రోజుకీ అదే నమ్ముతుంది.

పైగా నీ కారులో న్యూట్రల్ వేస్తే మిగిలేదేం లేదు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి తాగుతూనే ఉంటుంది. అందుకని రెండో గేరో మూడో గేరో వేసుకుని దిగు, బ్రేక్ మీద అదే పనిగా కాలు పెట్టి ఉంచకు, వేడెక్కితే పట్టవు. ఆ ఫ్రెండ్స్ ఎవరైనా న్యూట్రల్ చెయ్యవే అంటే దింపెయ్, బస్సులో వస్తారు.

మంచు పట్టకముందే, వెలుగుండగా బయల్దేరు. ఎస్.కోటకి దిగగానే బండి పక్కకి ఆపి ఫోన్ చెయ్, అమ్మకి తర్వాత, ముందు నాకు.

మావయ్య