తమ్ముడికి ఆపరేషన్ తర్వాత కండరాలు కదల్లేదు... నాకూ అలాగే అవుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ. నా వయసు 34. రెండేళ్ళ కింద మా తమ్ముడికి అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక ఐదు గంటలు సొంతంగా ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టారు. ‘మాటలన్నీ వినపడ్డాయి అక్కా, కన్ను కూడా తెరవలేకపోయిన’ అని ఇప్పటికీ అంటాడు. ఏదో ఎంజైమ్ తక్కువన్నారు. వచ్చే నెల నాకు గాల్‌బ్లాడర్ రాళ్ళ ఆపరేషన్ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ తమ్ముడి మాట నమ్మండమ్మా. అది భ్రమ కాదు. గొంతులో గొట్టం వేసేటప్పుడు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. థియేటర్లో దాన్ని స్కోలిన్ అంటాం. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొట్టేస్తుంది కాబట్టి 5-10 నిమిషాల్లో కండరాలకు మళ్ళీ బలం వస్తుంది. ఆ ఎంజైమ్ పనిచేయనివాళ్ళలో మాత్రం దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది. నిద్రమత్తు మందు వేరు, ఇది వేరు. నిద్రమత్తు దిగిపోయి ఇది మిగిలితే మనిషికి అన్నీ తెలుస్తాయి, కదల్లేడు. అందుకే వెంటిలేటర్ మీద ఉన్నంతసేపూ నిద్రమత్తు కొనసాగించాలి. మీ తమ్ముడు పడ్డ బాధ తలుచుకుంటే నాకూ కష్టంగా ఉంది.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు వస్తేనే ఇలా అవుతుంది. అక్కగా మీకు ఉండే అవకాశం సాధారణంగా నాలుగింట ఒక వంతు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది ఎక్కువని పరిశోధనల్లో తేలింది. తరతరాలుగా అయినవాళ్ళలోనే సంబంధాలు కలుపుకోవడం దానికి కారణం. ఇందులో ఎవరి తప్పూ లేదు. రోజువారీ జీవితానికి ఏ ఇబ్బందీ ఉండదు. దయచేసి దీన్ని చూపి ఎవరి పెళ్ళీ ఆపకండి.

సీరమ్ కోలినెస్టరేజ్ రక్తపరీక్ష ఇప్పుడే చేయించండి. పురుగుమందు తాగిన కేసుల్లో చేసేదే కాబట్టి మన నల్లగొండ డాక్టర్లకు కొత్త కాదు. ఈమధ్య పత్తి చేలో మందు కొట్టి ఉంటే, గర్భంతో ఉంటే ఆ సంగతి చెప్పండి. వాటివల్ల కూడా ఫలితం తగ్గుతుంది.

మీ ఆపరేషన్ ఆపాల్సిన పని లేదు. స్కోలిన్ బదులు రోక్యురోనియం, అట్రాక్యూరియం వంటివి వాడొచ్చు. వాటికి ఈ ఎంజైమ్‌తో పని లేదు. పళ్ళ డాక్టర్ ఇచ్చే లిగ్నోకైన్‌తోనూ భయం లేదు. అయితే ఈ మాట సర్జన్‌కు మాత్రమే కాదు, మత్తు డాక్టర్‌కు స్వయంగా చెప్పాలి. అదీ ఆపరేషన్ రోజు పొద్దున కాదు, వారం ముందే. తమ్ముడి డిశ్చార్జ్ కాగితం తీసుకెళ్ళండి. దాని ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. అర్ధరాత్రి యాక్సిడెంటో, సిజేరియనో అయితే చెప్పడానికి మీరు స్పృహలో ఉండకపోవచ్చు.