బీపీ మాత్రలు, ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మోకాళ్ల నొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: నాన్నగారికి అరవై దాటాయి. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, గుండె కోసం రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడుతున్నారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే ఐబుప్రోఫెన్‌ను మోకాళ్ల నొప్పికి రోజూ వేసుకోవచ్చా, తోడుగా గ్యాస్ మాత్ర వేస్తే సరిపోతుందా అని.

వద్దండీ, డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకండి. నేను డాక్టర్ని కాదు, అమ్మ మందులు ఏళ్లుగా చూసుకుంటున్నవాణ్ణి. అమ్మకీ దాదాపు ఇవే మందులు.

ఎప్పుడూ అదుపులో ఉండే అమ్మ బీపీ ఉన్నట్టుండి పెరగడం మొదలైంది, పాదాల్లో వాపు కూడా వచ్చింది. డాక్టరు బీపీ మాత్ర డోసు పెంచబోతూ, "ఇవి కాక ఇంకేమైనా వేసుకుంటున్నారా?" అని అడిగారు. ఏమీ లేదని అమ్మ ధీమాగా చెప్పింది. "నొప్పులకు కూడానా?" అంటే, "అదా, నొప్పి బిళ్లేగా!" అంది. ఎవరో బంధువులు చెబితే న్యాప్రోక్సెన్ రోజూ వేసుకుంటోంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే పదార్థం) పెరిగినట్టు తేలింది. డోసు పెంచకుండా డాక్టరు ఆ బిళ్ల మాన్పించారు. కొన్ని వారాలకు బీపీ, క్రియాటినిన్ రెండూ దారికొచ్చాయి. అందరికీ ఇలా వెనక్కి తగ్గుతుందని గ్యారంటీ లేదు.

ఎందుకిలా అవుతుందంటే, నొప్పి, వాపు పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు మన శరీరంలో మంచి పనులు కూడా చేస్తాయి. కడుపు లోపలి పొరను కాపాడతాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను తెరిచి ఉంచుతాయి. ఐబుప్రోఫెన్, న్యాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాటి తయారీని మోకాలి దగ్గరే కాదు, ఒళ్లంతా తగ్గిస్తాయి. దాంతో కిడ్నీలోకి రక్తం వచ్చే దారి ఇరుకవుతుంది. టెల్మిసార్టాన్ బయటికి వెళ్లే దారిని వదులు చేస్తుంది. థయజైడ్ ఒంట్లో ఉప్పును, నీటిని తగ్గిస్తుంది. ఈ మూడూ కలిస్తే కిడ్నీలో వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. డాక్టర్లు దీన్నే 'ట్రిపుల్ వామీ' (మూడు వైపుల నుంచి దెబ్బ) అంటారు. పేరు చివర 'ప్రిల్' ఉండే రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలతోనూ ఇదే సమస్య. వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజుల్లో ప్రమాదం మరీ ఎక్కువ.

ఇక ఆస్పిరిన్ సంగతి. అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లనే కణాల్లోని ఒక ఎంజైముకు అతుక్కుని, ఆ ప్లేట్‌లెట్ బతికున్నంతకాలం దాన్ని పనిచేయనివ్వదు. రక్తం గడ్డకట్టకుండా ఉండేది అందుకే. ఐబుప్రోఫెన్ ముందే వెళ్లి ఆ చోట కూర్చుంటే ఆస్పిరిన్‌కు చోటు దొరకదు. ఐబుప్రోఫెన్ తర్వాత లేచిపోతుంది, కానీ ఆస్పిరిన్ అప్పటికే రక్తంలోంచి మాయమైపోయి ఉంటుంది. అంటే గుండె కోసం వేసుకున్న మాత్ర వృథా. ఎప్పుడైనా ఒకసారి వేసుకోవాల్సివస్తే, మామూలు ఆస్పిరిన్ వేసుకున్న కనీసం అరగంట తర్వాత, లేదా దానికి 8 గంటలకు మించి ముందు వేసుకోవాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో చెప్పింది. కోటింగ్ ఉన్న ఆస్పిరిన్‌కు ఈ లెక్క వర్తించదు. పైగా రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు వేరే ఉంది.

గ్యాస్ మాత్ర మీద నమ్మకం చాలామందికి ఉంటుంది. ఒమెప్రజోల్ లాంటివి కడుపులో పుండ్ల ముప్పును బాగానే తగ్గిస్తాయి, కాదనను. కానీ కిడ్నీకి, బీపీకి, గుండెకు వాటివల్ల రక్షణేమీ లేదు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతో గుండెపోటు ముప్పు వాడకం మొదలైన మొదటి వారాల్లోనే పెరగవచ్చని ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరికను గట్టిచేసింది. ఇంతకుముందే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

వేరే మందులు వాడే పాఠకుల కోసం కూడా ఒక మాట. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అపిక్సబాన్, క్లోపిడోగ్రెల్‌తో గానీ, స్టెరాయిడ్లతో గానీ ఇలాంటి నొప్పి మాత్ర కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్‌లతోనూ అంతే. ఇది చాలామందికి తెలియదు, మందుల షాపులో ఎవరూ అడగరు కూడా. లిథియం, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకైతే ఆ మందులే రక్తంలో పేరుకుని విషమయ్యే అవకాశం ఉంది. కొన్ని జలుబు మాత్రల్లో ఐబుప్రోఫెన్ దాగి ఉంటుంది, షీటు వెనక చిన్న అక్షరాలు చదవండి.

మరి నొప్పికి ఏం చేయాలి? అమ్మకు డాక్టరు డైక్లోఫెనాక్ జెల్ రాశారు. చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్లేది మాత్ర వేసుకున్నప్పటితో పోలిస్తే చాలా తక్కువ. మోకాలి లాంటి పైపై కీళ్లకు బాగానే పనిచేస్తుంది. అయినా డాక్టరుకు చెప్పే వాడాలి. తొడ కండరాలు బలపడే వ్యాయామం ఫలితం ఆలస్యంగా చూపింది గానీ, జెల్ కన్నా అదే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. పారాసెటమాల్ కిడ్నీకి, కడుపుకి వీటికన్నా నయమే, కానీ మోకాళ్ల అరుగుదల నొప్పికి అంతంతమాత్రం. రోజుకు 4 గ్రాములు పెద్దవాళ్లకు గరిష్ఠ పరిమితి. బరువు తక్కువున్నా, మద్యం అలవాటున్నా, లివర్ జబ్బున్నా అంతకంటే తక్కువే.

నాన్నగారు ఇప్పటికే వేసుకుంటున్నారేమో కనుక్కోండి. మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నా, మూత్రం బాగా తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటివేమీ లేకపోతే ఈ వారంలోనే డాక్టరును కలిసి క్రియాటినిన్, పొటాషియం పరీక్షల గురించి అడగండి. వెళ్లేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్ ఒక్కటే కాకుండా ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి, సగం వాడి వదిలేసిన షీట్లతో సహా.