గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చారు కదా, అక్కడ ఆగింది

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. నాకు 33 ఏళ్ళు. మావారు బ్యాంకులో పంట రుణాలు చూస్తారు. అమలాపురం దగ్గరికి ట్రాన్స్‌ఫర్ కావడంతో జూన్‌లో కోనసీమ వచ్చాం. ఇంటి ముందే కాలువ. వరదల రోజుల్లో నాకు నిద్ర లేదు, ఇప్పటికీ సరిగా పట్టడం లేదు. మొదట్లో అందరూ పలకరించారు, ఇప్పుడు తగ్గిపోయారు. ఎవరి దగ్గరా ఏదీ తీసుకోవద్దని మావారు గట్టిగా చెప్పారు. అందుకే పక్కింటి పెద్దావిడ కంద బచ్చలి కూర పంపితే, గిన్నె కడిగి ఆ సాయంత్రమే ఇచ్చేశాను. కొట్లో బొరుగులు అడిగితే నవ్వారు. మొన్న మూడో తరగతి చదివే మా పాప "అమ్మా, నువ్వు బడికి రావద్దు, వచ్చినా మాట్లాడొద్దు" అంది. మూడేళ్ళే కదా, ఓర్చుకో అంటారు మావారు. మా ఊరు, స్వామి తేరు గుర్తొచ్చి ఊరికే ఏడుపొస్తోంది. తప్పు నాదేనా?

జవాబు: తప్పు మీది కాదమ్మా. నేను ఈ కాలువగట్ల మీదే పుట్టి పెరిగినదాన్ని, అందుకని మీ పక్కింటి వైపు నుంచి కూడా కాస్త చెప్పగలను.

మా వైపు ఇంటికొచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళదు. ఏమీ లేకపోతే ఇంత పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఓ కరివేపాకు రెబ్బో వేసి ఇస్తారు. అదీ వెంటనే ఇవ్వరు, రెండు మూడు రోజులు ఆ గిన్నె మన గూట్లోనే ఉంటుంది. ఆవిడ గిన్నె మనింట్లో, మన గిన్నె ఆవిడింట్లో ఉంటేనే రాకపోకలు సాగుతున్నట్టు లెక్క. మీరేమో మెరిసేలా తోమి, తడి తుడిచి, గుమ్మంలోనే నిలబడి ఇచ్చి వచ్చేశారు. మీరు మర్యాద అనుకున్నారు. ఆవిడకి మాత్రం 'మీ బాకీ మాకొద్దు' అన్నట్టు తోచి ఉంటుంది. కోపంతో దూరమయ్యారని నేననుకోను. ఆఫీసరుగారి ఇల్లు కదా, చనువు తీసుకుంటే బాగుండదేమోనని ఆగి ఉంటారు.

మీవారి జాగ్రత్తని నేను కొట్టిపారేయను. సార్వాకి (వానాకాలం వరికి) ముందు, దాళ్వాకి (రెండో పంటకి) ముందు రైతులూ కౌలు రైతులూ లోన్ల కోసం తిరిగే ఊళ్ళివి. ఆఫీసరు ఇంట్లో కొబ్బరికాయల బస్తా దిగితే రేపు దానికి జవాబు చెప్పుకోవాలి. బస్తా అయినా, అరటి గెల అయినా, పులస చేప అయినా దణ్ణం పెట్టి తిప్పి పంపెయ్యండి. కూర గిన్నె సంగతి వేరు. అంతే విలువైనది వారంలోపు మీ చేత్తో వండి తిరిగి ఇవ్వగలిగితే తీసుకోండి, ఇవ్వలేనిదైతే వద్దు. ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి, ఆయన కాదనరనుకుంటాను. ఇక ఆవిడ గిన్నె మళ్ళీ వచ్చేదాకా చూడక్కర్లేదు. బొరుగులతో ఉగ్గాణి చేసి, మీ గిన్నెలోనే వేడివేడిగా పట్టుకెళ్ళండి. అన్నట్టు, ఇక్కడ బొరుగుల్ని మరమరాలంటారు. కొట్లో నవ్వింది ఆ మాట తెలియకే అయి ఉండొచ్చు. గిన్నె మాత్రం వెంటనే తెచ్చుకోకండి, అక్కడే వదిలి రండి.

ఇప్పుడు పాప సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. పాపకి మీరంటే సిగ్గని మనసులో పెట్టుకోవద్దు. తనని చూసి నవ్విన పిల్లలు వాళ్ళమ్మని చూసి కూడా నవ్వుతారేమోనన్న భయం అది. బళ్ళో 'ఎక్కడికి' అనడం, ఇంట్లో 'యాడికి' అనడం ఈపాటికి తనంతట తనే నేర్చుకుని ఉంటుంది. రెండు మాటల మధ్య ఆ పసిది ఒక్కతే తిరుగుతోంది. అందుకని కోప్పడకండి. అలాగని పాప కోసం ఇంట్లో మీ మాట మార్చుకోకండి. మీరు మారిస్తే, కదిరిలో ఉన్న అవ్వ మాట తప్పని పాప మనసులో ముద్ర పడిపోతుంది. బయట పెద్దవాళ్ళతో 'అండి' చేర్చడం మటుకు అలవాటు చేసుకోండి. ఇక్కడ చిన్నా పెద్దా తేడా లేకుండా అందరూ అంటారు కాబట్టి, అది లేకపోతే మాట తెగ్గొట్టినట్టు వినపడుతుంది. మీ గౌరవం మీ గొంతులో ఉందని వాళ్ళకి తెలియడానికి టైమ్ పడుతుంది.

పాపని పడుకోబెట్టేటప్పుడు ఒక్కటే అడగండి, "ఏ మాటకి నవ్వినారు?" అని. 'ఎవరు' అని అడగొద్దు, అడిగితే నోరు విప్పదు. ఆ మాట తెలిశాక పిల్లలు వెళ్ళిపోయిన తర్వాత టీచరుగారిని కలవండి. చెనిక్కాయలు - వేరుశనక్కాయలు, బొరుగులు - మరమరాలు, ఇలాంటి జంటలు పిల్లల చేత చెప్పిస్తే క్లాసులో అదొక ఆటవుతుంది. వేమన సమాధి ఉందని చెప్పుకునే కటారుపల్లి మీ కదిరి పక్కనే కదా. తాము బట్టీపట్టే పద్యాల వేమన ఈ పాప ఊరి దగ్గరివాడని తెలిస్తే పిల్లలు తననే ఆ ఊరి కబుర్లు అడుగుతారు. అప్పటికీ వెక్కిరింతలు ఆగకపోతే మొహమాటపడకండి, నేరుగా హెడ్మాస్టరుగారికి చెప్పండి. మాట మీద వెక్కిరింత పిల్లలకి చాలాకాలం గుర్తుంటుంది.

నీళ్ళ భయం గురించి. వాన కోసం ఆకాశం వైపు చూసిన సీమ నుంచి వచ్చి, వరద గోదావరిని మొదటిసారి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మీ ఇంటి ముందు కాలువ వేరు, గోదావరి పాయ వేరు. కాలువకి నీటిని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర తలుపుల్లోంచి కొలిచి వదులుతారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కూడా, అప్పుడు అడుగున మట్టి కనిపిస్తుంది. వరద పాయల్లో వస్తుంది, ముందు మునిగేవి లంకలు, అంటే పాయల మధ్య ఉండే దీవులు. బ్యారేజీ దగ్గర మట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వచ్చే వానాకాలం ఈ అంకెలు వింటూ ఉండండి. మీ ఇల్లు ఏటిగట్టుకి ఏ పక్కనుందో, 1986 వరదకి నీళ్ళు ఎందాకా వచ్చాయో పక్కింటావిణ్ణి అడగండి. ఆవిడ చెప్పేది విన్నాక చాలావరకు టెన్షన్ తగ్గుతుంది. పాపకి ఈత మాత్రం తప్పకుండా నేర్పించండి.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ మీకు ఎదురయ్యే ఉంటుంది. "మీ ఇంటిపేరేంటండి?" అని ఆరా తీసేవాళ్ళున్నారు. చాలాసార్లు కులం తెలుసుకోవడానికే ఆ ప్రశ్న. ఇది మా ప్రాంతానికి పట్టిన చీడ, నేను సమర్థించను. "మాది కదిరండి" అని ఊరుకోండి, అంతకుమించి చెప్పాల్సిన పని లేదు. "ఏం కూరండి?" అని అడిగేవాళ్ళని మాత్రం అనుమానించకండి, అది ఉత్త పలకరింపే.

మూడేళ్ళే కదా అన్న మీవారి మాట నాకు నచ్చలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి మూడేళ్ళంటే స్నేహాలు మొదలయ్యే వయసంతా ఇక్కడే గడిచిపోతుంది. మీ సంగతి చూస్తే, పొద్దున వాళ్ళిద్దరూ వెళ్ళిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా ఒక్కరే ఉంటారు. అక్కడ మీరేం చేసేవారో, మీకేది ఇష్టమో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. కుట్టుపనో, పిల్లలకి చదువు చెప్పడమో, పాటో, మీకు చేతనైనది ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మళ్ళీ బయటికి తీయండి. ఆదివారం పూట ఒక గంట మీతో కలిసి ఊళ్ళో నడవమని మీవారిని అడగండి. బ్యాంకు పనిమీద ఆయనకి ఊరంతా తెలుసు, మీకు మీ వీధి కూడా సరిగా తెలియదు.

నిద్రలేమి, ఊరికే ఏడుపు నెలల తరబడి ఉంటే వాటిని బెంగ అని వదిలెయ్యకూడదు. ఈ వారంలోనే డాక్టరుకి చూపించుకోండి. ఈలోగా టెలీ మానస్ 14416 కి ఏ వేళ అయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

స్వామి తేరు గుర్తొస్తోందన్నారు. గోదావరి వసిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేదిలో కూడా, మీ కదిరిలో లాగే, లక్ష్మీనరసింహస్వామే ఉన్నాడమ్మా. మాఘంలో కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథం లాగుతారు. పాపని తీసుకుని వెళ్ళి రండి.

అంతకంటే ముందే ఇంకో రోజుంది. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది కదా. అమావాస్య వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమి. ఆ తెల్లవారుజామున ఆడవాళ్ళు రేవులోకి దిగి, అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదులుతారు. ముందురోజు సాయంత్రం పక్కింటికి వెళ్ళి, "పిన్నిగారూ, నాకు దొప్ప చేయడం రాదండి, రేపు మీతో రేవుకి రానా?" అని అడగండి. పాపని కూడా లేపి తీసుకెళ్ళండి. చలిగా ఉంటుంది, స్వెట్టర్ వెయ్యండి.