కాస్పర్ ఎవరి దెయ్యం?

ప్రశ్న: మాస్టారూ, ఏడేళ్ల మా మనవరాలు సెల్లులో కాస్పర్ కార్టూన్ చూస్తా, "నానమ్మా, దెయ్యమైతే ముందు మనిషే కదా! ఎట్టా చచ్చిపోయాడు?" అనింది. ఏం చెప్పాలో తోచలేదు.
– ఒక నానమ్మ, కావలి

జవాబు: అమ్మా, మన దెయ్యాలకు ఆ చిక్కు లేదు. అల్లూరులో మా కాలవ గట్టు చింతచెట్టు మీది దెయ్యం ఎవరింటి కోడలో, ఏ బావిలో పడి పోయిందో ఊరంతా చెప్పేది. తరవాత డ్రాయింగ్ మాస్టారుగా నేను దెయ్యాన్ని గీయమంటే పిల్లలు జుట్టు విరబోసి, పాదాలు వెనక్కి తిప్పి గీసేవాళ్లు. ఒకడు మాత్రం గుండ్రటి తలతో బూరెలాంటి బొమ్మ వేసి "కాస్పర్ సార్" అన్నాడు. అప్పుడు పట్టుకుంది నాకు ఈ పిచ్చి.

సీమోర్ రైట్, జో ఓరియోలో అనే ఇద్దరు అమెరికా వాళ్లు పిల్లల పుస్తకం కోసం కాస్పర్‌ను కల్పించారు. రైట్ యుద్ధానికి పోయినప్పుడు ఓరియోలో హక్కుల్ని పారామౌంట్ వాళ్ల ఫేమస్ స్టూడియోస్‌కి అమ్మేశాడు. 1945లో వచ్చిన మొదటి కార్టూన్‌లో మిగతా దెయ్యాలు జనాన్ని భయపెట్టడానికి పోతే, వీడు స్నేహితుల కోసం ఇల్లు వదిలి పోతాడు. అందరూ పారిపోతుంటే దిగులుతో రైలు పట్టాల మీద పడుకుంటాడు. తాను ముందే చచ్చానన్న సంగతి మర్చిపోయాడు పాపం! రైలు వాడిలోంచే దూసుకుపోతుంది. చివరికి ఇద్దరు పిల్లలు చేరదీస్తారు. ఇంటి మీది అప్పు వసూలుకొచ్చిన బ్యాంకాయన వీణ్ని చూసి పరుగు లంకించుకున్నాక, వాళ్లమ్మకూ ముద్దొస్తాడు.

అంటే ఒకప్పుడు బతికినవాడనే కదా! 1952 నుంచి హార్వే వాళ్లు వేసిన కామిక్స్‌లో మాత్రం దెయ్యాలు వేరే జాతి. వీడి అమ్మానాన్నలూ దెయ్యాలే, వీడు పుట్టడమే దెయ్యంగా పుట్టాడు. నన్నడిగితే అది తప్పించుకునే జవాబు. 1995 సినిమాలో మళ్లీ మనిషిని చేశారు: మంచులో పొద్దుపోయేదాకా ఆడుకుని న్యుమోనియాతో పోయాడట.

మీ పాపకు ప్రస్తుతానికి కామిక్స్ మాటే చెప్పండి. 1948 కార్టూన్‌ని మాత్రం పక్కన కూర్చునే చూపించండి. అందులో వాడి నేస్తం నక్కపిల్ల వేటలో చచ్చిపోతుంది. కాస్పర్ దాన్ని పూడ్చి వెక్కి వెక్కి ఏడుస్తాడు. కాసేపటికి అదీ దెయ్యమై లేచి వచ్చేస్తుందని ముందే చెప్పేయండి.