ఎదురింటి క్రిస్మస్

మీరు క్రైస్తవులు కారనీ, పిల్లలు ముచ్చటపడుతున్నారు గనుక క్రిస్మస్ సందడిని ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలనీ, చెట్టు పెడితే పెద్దలు తప్పు పడతారేమోననీ అడిగారు. తెచ్చుకోకండి, మీరే వెళ్లండి అన్నది నా సమాధానం. పండుగ చేసుకునే ఇంటికి అతిథిగా వెళ్తే కలిగే సుఖం, మన ఇంట్లో దాని నకలు పెట్టుకుంటే రాదు.

నేను కడప జిల్లా జమ్మలమడుగులో పెరిగాను. లండన్ మిషన్ వారు కట్టించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో కాన్పు జరగని కుటుంబం మా వీధిలో లేదేమో, అందువల్ల క్రిస్మస్ మాకు పరాయి పండుగగా ఎన్నడూ తోచలేదు. ఎదురింట్లో ఉండే ఉపాధ్యాయినిని మేము టీచరత్తా అని పిలిచేవాళ్లం. డిసెంబరు రాగానే ఆమె వెదురు బద్దలు చీల్చి, ఐదు మూలల నక్షత్రాలు రెండు కట్టి, వాటి కొనలను ఒకదానితో ఒకటి దారంతో బిగించేది. లోపలి మూలల దగ్గర రెండింటికీ మధ్య జానెడు పుల్లలు అడ్డం పెడితే నక్షత్రం పొట్ట ఉబ్బి, బల్బుకు చోటు వచ్చేది. పొట్ట సరిగ్గా ఉబ్బకపోతే బల్బు తగిలి కాగితం మాడిపోతుంది. రంగు కాగితాలు అంటించే పని నాది. "ఏమబ్బీ, గంజి అంత పూస్తే కాగితం నిలుస్తుందా?" అని ఆమె గదమాయిస్తుంటే, వేళ్లకు అంటిన మైదా గంజిని నిక్కరుకు తుడుచుకుంటూ మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక డోలక్కులతో కేరల్స్ జట్టు వచ్చి ఆ నక్షత్రం కింద పాడుతుంటే, మా అమ్మ దుప్పటి కప్పుకొని అరుగు మీద కూర్చుని వినేది, మా నాయన వాళ్లందరికీ టీ పెట్టించేవాడు. మా ఇంట్లో ఎవరి నమ్మకమూ మారలేదు.

ఈమధ్య ప్రతి డిసెంబరులోనూ శుభాకాంక్షలు చెప్పవచ్చునా, కూడదా అని వాట్సాప్‌లో వాదించుకునేవారిని చూస్తే నాకు విసుగు పుడుతుంది. ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శించుకునే సీమ ఇది; అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల ముందు హిందువులు మొక్కులు తీర్చుకునే సీమ ఇది. మనకు కొత్తగా అనుమతి ఎవరు ఇవ్వాలి?

ఇక చెట్టు సంగతి. అది జర్మనీలో పుట్టిన ఆచారం. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను 1848లో ఒక లండన్ పత్రిక అచ్చువేశాక ఇంగ్లండులో బాగా వ్యాపించింది. నక్షత్రం మత్తయి సువార్తలో ఉంది గాని, క్రీస్తు పుట్టుక కథలో ఈ చెట్టు ఎక్కడా లేదు. కాబట్టి పెట్టుకుంటే మతం అడ్డురాదు. అయితే నాపరాళ్లు కాగే మన ఎండల సీమలో దూది మంచు అంటించిన ప్లాస్టిక్ చెట్టుకు వేలు పోయడం నాకు మాత్రం నచ్చదు. ఆ డబ్బుతో వెదురూ, కాగితాలూ కొని, పిల్లల చేత నక్షత్రం కట్టించండి.

చర్చికి వెళ్లాలనుకుంటే తెలిసినవారితో కలిసి వెళ్లి, చెప్పులు బయట విడిచే చోట విడిచి, వెనుక వరుసలో కూర్చోండి. రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారం బాప్తిస్మం పొందినవారికి గనుక, అందరూ ముందుకు లేచినా మీరు కూర్చున్న చోటనే ఉండాలి; అందులో చిన్నతనమేమీ లేదు. ఇంటికి మాత్రం ఆరాధన ముగిసి, వారు వంట ముగించుకునే వేళకు వెళ్లండి. కర్జికాయలు పెడితే మొహమాటపడకుండా తినండి. వెళ్లేటప్పుడు కేకు తీసుకువెళ్లవద్దు. ఆ రోజు వారి ఇంట్లో కేకులు గుట్టపడి ఉంటాయి, పండ్లు తీసుకువెళ్లండి. సంక్రాంతికి వారిని మీ ఇంటికి పిలవండి.