టామ్ ప్రైస్‌లో మకాం... కరిజిని లోయల్లో నడక

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటున్నాడు. జూలైలో వెళ్తున్నాం. టామ్ ప్రైస్ అనే ఊళ్లో దిగి కరిజిని జాతీయ పార్కులోని లోయలు చూడాలని ఉంది. నాకు 58, మావారికి 63. దిగి ఎక్కగలమా? ఎండకు తట్టుకోగలమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎండ సంగతి వదిలేయండమ్మా, జూలై అక్కడ చలికాలం. టామ్ ప్రైస్ 747 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్లు స్వెట్టర్ కావాలి. భయపడాల్సింది నీళ్లకు. లోయ అడుగు మడుగులకు ఎండ సోకదు, ఎక్కువసేపు దిగి ఉంటే ఒళ్లు కొంకర్లు పోతుంది.

పెర్త్ నుంచి రోడ్డున సుమారు 1,500 కి.మీ., కాజీపేట నుంచి ఢిల్లీకి రైలెక్కినంత. అందుకని పరబర్డూ దాకా విమానంలో వెళ్లండి, అక్కడి నుంచి టామ్ ప్రైస్ 80 కి.మీ. ఇనుప ఖనిజం తవ్వే ఊరు కాబట్టి గదులు, అద్దె కార్లు గని పనివాళ్లకే సరిపోతుంటాయి. విమానం టికెట్ కన్నా ముందు కారు ఖాయం చేసుకోండి. మట్టిరోడ్డు మీద బీమా వర్తిస్తుందో లేదో కాగితాల్లో చూడండి, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పొద్దుగూకే లోపు ఊరు చేరాలి. చీకట్లో కంగారూలు రోడ్డుకు అడ్డం పడతాయి.

కనీసం మూడు రాత్రులు ఉండండి. మొదటి రోజు డేల్స్ లోయ. ఊరి నుంచి పోను రాను 200 కి.మీ. దాకా అవుతుంది. మెట్లు దిగితే ఫోర్టెస్క్యూ జలపాతం, కాస్త ముందుకు నడిస్తే ఫెర్న్ పూల్. అది అక్కడి ఆదివాసులకు పవిత్రమైన మడుగు, దూకడాలు, కేకలు వద్దు. మోకాళ్లు సహకరిస్తే మీ ఇద్దరికీ ఇది చాలు.

రెండో రోజు ఆక్సర్ లుకౌట్. నాలుగు లోయలు కలిసే చోటు పైనుంచే కనిపిస్తుంది. పక్కనే ఉన్న హాంకాక్ లోయ మాత్రం అబ్బాయికి వదిలేయండి. ఆ దారి కష్టంలో ఐదో తరగతి (అంకె పెరిగేకొద్దీ కష్టం ఎక్కువ): ఇనుప నిచ్చెన దిగాలి, నీళ్లలో నడవాలి, ఇరుకులో రెండు గోడలకూ కాళ్లు చేతులు ఆనించి పాకాలి. తడిసిన రాయి నున్నగా జారుతుంది, చెప్పులతో దిగొద్దు.

పార్కులో పెట్రోలు దొరకదు, లోయల్లో ఫోన్ పనిచేయదు. పొద్దున్నే ట్యాంకు నింపి, మనిషికి మూడు నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. మబ్బు పడితే లోయలోకి దిగకండి, ఎగువన కురిసిన వాన ఉన్నట్టుండి ముంచేస్తుంది.

మ్యాపులో ఉత్తరాన విట్టెనూమ్ కనిపిస్తే అటు మాత్రం పోవద్దు. 1966లో మూతపడ్డ గని తాలూకు నీలి ఆస్‌బెస్టాస్ పీచు అక్కడి నేలలో ఇంకా ఉంది. పీలిస్తే ఊపిరితిత్తులకు ముప్పు.