హైవే పక్క ఇల్లు, దిగని బీపీ: సమాధానం

రాత్రి లారీల మోతను ముందుగా అనుమానించండి. రావులపాలెంలో హైవే పక్క ఇంటికి మారాకే మీ నాన్నగారికి మాత్రలు వేసుకుంటున్నా ఉదయం బీపీ దిగడం లేదన్నారు. ఉప్పు, మాత్రల వేళలు మీరు సరిచూశారు కూడా.

"ఆయనకు అలవాటైపోయింది, మెలకువ రాదు" అని రాశారు. చాలామంది పొరబడేది ఇక్కడే. మెలకువ రాకపోయినా చెవి పనిచేస్తూనే ఉంటుంది. ఎయిర్ హారన్ మోగితే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగం హెచ్చుతుంది. నిద్రలో మామూలుగా 10 నుంచి 20 శాతం తగ్గవలసిన బీపీ తగ్గకుండా ఉండిపోవచ్చు. పగలు ఆసుపత్రిలో చూస్తే ఈ సంగతి బయటపడదు.

1. 24 గంటల బీపీ పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. గురక ఉంటే అదీ చెప్పండి, అది కూడా కారణం కావచ్చు. మాత్రల మోతాదు మీరే పెంచవద్దు.

2. ఈలోగా మంచం పెరటి వైపు గదికి మార్చండి. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దానికి చట్టం పెట్టిన హద్దు 45 డెసిబెల్స్. హైవే వైపు గదిలో అది కలలోని మాటే.

3. నడక హైవే పక్కన వద్దు, కాలువ గట్టు మీద. పొగలోని 2.5 మైక్రాన్లకన్నా సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుకు చేరి రక్తనాళాలకూ హాని చేస్తుంది. గుడ్డ మాస్కు దాన్ని సరిగా ఆపదు. కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో గట్టు కూడా మానేయండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఇవన్నీ పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.